ఏడో మంచం అప్పగింత

ఖాళీ మంచానికి సేవ చేసే నర్సును మీరెక్కడైనా చూశారా? సలోమి చూసింది. అదీ పట్టపగలు, కాకినాడలో, తాను ఇన్‌ఛార్జి సిస్టర్‌గా ఉన్న ఐసీయూలో.

ఏడో మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మార్చి, దిండు సర్ది, రాబోయే పేషెంటు కోసం సిద్ధంగా ఉంచారు. త్రినాథ్ ఆ మంచం పక్కన నిలబడి, దూది తడిపి, గాలిలో ఎవరి పెదాలకో అద్దుతున్నాడు. అద్ది, వంగి, రెండు చేతులూ చాచి, లేని మనిషిని నెమ్మదిగా ఎడమ పక్కకు తిప్పాడు. తిప్పి వీపు దగ్గర దిండు ఆనించాడు. త్రినాథ్ మంచి నర్సు. ఆకతాయి పనులు చేసే రకం కాదు. అందుకే సలోమికి నవ్వొచ్చింది. "ఏం నాయనా, దెయ్యాలకి కూడా పడక పుండ్లు వస్తాయా?" అని ఆటపట్టించింది.

అతను ఉలిక్కిపడి చేతిలో దూది చూసుకున్నాడు. ఆ తర్వాత ఆమె మొహం చూశాడు. ఆ చూపు సలోమికి నచ్చలేదు. ఇంట్లో చావు కబురు ఇంకా తెలియని మనిషిని ఊరంతా అలా చూస్తుంది. సారీ మేడమ్ అని గొణిగి, గబగబా అవతలి వరసకు వెళ్లిపోయాడు.

నిద్ర చాలడం లేదేమోలే అని సరిపెట్టుకుంది. తర్వాత ఇంకో నర్సు ఝాన్సీ కూడా అదే పని చేస్తూ కనబడింది. ఆ తర్వాత ఆ మంచం మీదకి నిమోనియాతో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. వచ్చిన రోజే పెద్ద గొడవ పెట్టుకున్నాడు. "ఏంటండీ ఈ ఆస్పత్రి? నా పేరు వీరభద్రం. ఈ అమ్మాయేమో నన్ను నూకరత్నం గారూ, నూకరత్నం గారూ అంటూ ఒళ్లు తుడుస్తోంది" అని వగరుస్తూనే అరిచాడు. వార్డంతా నవ్వింది. ఝాన్సీ నవ్వలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది.

ఇక పట్టీ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే కథ ముందుకు నడవదు.

డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పజెప్పడమంటే నర్సులకు ప్రాణసంకటం. దిగే సిస్టరుకి ఇంటికి పోవాలని తొందర. ఎక్కే సిస్టరుకి ఇంకా బస్సు దిగిన ఆయాసం. మందులూ, సెలైన్లూ కేస్ షీట్లో ఉంటాయి గానీ, "ఆవిడ మొహం ఎందుకో బాగాలేదు" అని రాయడానికి అందులో గడి ఉండదు. మాటల్లో చెప్పేది చెప్పగా చెప్పడం మర్చిపోయేది కొంత మిగులుతుంది. మనుషులు పోయేది ఆ మిగిలిన ముక్క దగ్గరే. ఈ సంగతి పట్టుకున్నది డాక్టర్ హైమవతి. ఆవిడ నరాల డాక్టరు. ఆస్పత్రి పై అంతస్తులో ఆవిడకో పరిశోధనశాల ఉంది. ఎన్నో ఏళ్లు పాట్లు పడి తలకు చుట్టుకునే మెత్తటి పట్టీ ఒకటి తయారుచేసింది.

వార్డు చివర అద్దాల గదిలో ఇద్దరు సిస్టర్లు ఎదురెదురుగా కూర్చుని, పట్టీలు కట్టుకుని, కళ్లు మూసుకుంటారు. దిగే సిస్టరు ఆ డ్యూటీలో చూసింది, విన్నది, చేత్తో తాకి తెలుసుకున్నది, మనసులో పెట్టుకున్న బెంగ, అంతా ఎక్కే సిస్టరు బుర్రలోకి పోతుంది. పోవడమంటే నిజంగా పోవడమే. ఇచ్చినవాళ్ల దగ్గర మిగలదు. రెండు చోట్లా ఉంచాలని హైమవతి చాలా తంటాలు పడింది గానీ కుదరలేదు. కుదరకపోవడమే మేలని నర్సులు మురిసిపోయారు.

మురిసిపోరూ మరి! సలోమి సంగతే తీసుకోండి. పట్టీ రాకముందు ఆమె ఇంటికి వచ్చేది గానీ డ్యూటీ దిగేది కాదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి వార్డుకి ఫోన్ చేసేది. నిద్రలో లేచి భర్త రత్నకుమార్‌ను పక్కకు తిప్పి, వీపు తడిమి చూసేది. ఆయన పాపం సబ్‌స్టేషన్‌లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన మనిషి. "నాకు పుండ్లు లేవే తల్లీ, పడుకో" అని బతిమాలుకునేవాడు. కూతురు కెజియా తుమ్మితే చాలు, తల్లి చెయ్యి నాడి మీద ఉండేది. పట్టీ వచ్చాక ఇల్లు ఇల్లయింది. సలోమి పాటలు పాడుకుంటూ చేపల పులుసు పెడుతోంది. కూతురితో పోటీపడి సినిమాలు చూస్తోంది. పెళ్లిచూపుల్లో చూసిన అమ్మాయి ఇన్నాళ్లకు కాపురానికొచ్చిందని రత్నకుమార్ వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

పేషెంటు కోలుకుని వెళ్లినా, చనిపోయినా, అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు పట్టీ కట్టుకుని ఒక మీట నొక్కాలి. దాన్ని ముగింపు అంటారు. దాంతో ఆ మనిషి తాలూకు జ్ఞాపకం ఆ నర్సు దగ్గరే పాత జ్ఞాపకంలా సర్దుకుపోతుంది. ఇంకెవరికీ వెళ్లదు, ఎవరినీ పీడించదు. అందరి విషయంలోనూ అలాగే జరిగింది, ఒక్క నూకరత్నం విషయంలో తప్ప.

నూకరత్నం ఉప్పాడలో చీరలు నేసే మనిషి. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చింది. కాస్త కోలుకుంటోందని అందరూ అనుకుంటున్న సమయంలో, సలోమి దిగుతూ ఝాన్సీకి అప్పజెబుతుండగా పోయింది. అద్దాల గదిలో ఇద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు. వార్డులో ఉన్న త్రినాథ్ వాంతి చేసుకుంటున్న ఇంకో పేషెంటును పట్టుకుని ఉన్నాడు. ఏడో మంచం దగ్గర యంత్రం మొత్తుకుంది. అతను చేరేసరికే అయిపోయింది. బలహీనమైన గుండె, ఎవరి తప్పూ లేదని విచారణలో తేల్చేశారు. ఆ వేళ సలోమి కళ్లు తెరిచేసరికి ఝాన్సీ పరిగెడుతోంది. ఏడో మంచం ఆవిడ పోయిందన్నారు. సలోమికి ఆవిడ మొహమే గుర్తు రాలేదు. అయ్యో పాపం అనుకుంది. మీరు వెళ్లండి మేడమ్, మేం చూసుకుంటాం అని వాళ్లంటే, ఇంటికి వెళ్లి కడుపునిండా అన్నం తిన్నది.

నూకరత్నం కూతురు లోవకుమారి తల్లి కర్మకాండలు అయ్యాక ఆస్పత్రికి వచ్చింది. వచ్చి, ఐసీయూ తలుపు ఎదుట బెంచీ మీద కూర్చుంది. మర్నాడూ వచ్చింది. గొడవ చెయ్యదు, ఏడవదు. తెల్ల కోటు వేసుకున్న ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడుగుతోంది. అందరూ తప్పించుకుపోతుంటే సలోమికి చిర్రెత్తుకొచ్చింది. ఇన్‌ఛార్జిగా అది తన పని. వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"మా అమ్మ పోయేటప్పుడు పక్కన ఎవరున్నారండి? అదొక్కటి చెబితే ఎల్లిపోతానండి" అంది లోవకుమారి.

సలోమి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నర్సు పక్కనే ఉందని, అమ్మ బాధపడలేదని, నిద్రలోనే పోయిందని చెప్పింది. ఎన్నో కుటుంబాలకు చెప్పిన మాటే. అబద్ధమని ఆమెకు తెలియదు, నిజమనీ తెలియదు. లోవకుమారి ఆమె కళ్లలోకే చూస్తూ విన్నది. "మీరు సూశారాండి?" అని అడిగింది. సలోమి గుర్తు తెచ్చుకోబోయింది. ఆ డ్యూటీ తనదే. చూసే ఉండాలి. కానీ తలలో ఆ చోట తడిమితే ఏమీ తగల్లేదు.

అప్పుడు పట్టుకుంది అనుమానం. నూకరత్నం పోయినప్పటి నుంచీ ఏడో మంచం ఉన్న సముద్రం వైపు కిటికీల వరస తనకు అప్పజెప్పడం లేదు. ప్రతిసారీ ఏదో వంక. ఆ వరస నేను చూస్తా మేడమ్ అని ఝాన్సీ, డ్యూటీ మార్చుకున్నాం మేడమ్ అని త్రినాథ్. తను టీ గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. తన టిఫిన్ బాక్సు తనకంటే ముందే ఎవరో కడిగి పెడుతున్నారు. రోగిష్టి మనిషిని చూసుకున్నట్టు తనను చూసుకుంటున్నారు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి.

క్యాంటీన్ వెనక మెట్ల మీద ఝాన్సీని నిలదీసింది. ఝాన్సీ టీ గ్లాసు తిప్పుకుంటూ కూర్చుంది. ఎంత చిక్కిపోయిందో సలోమి సరిగ్గా చూసింది అప్పుడే.

"అది మీది మేడమ్" అంది చివరికి.

నూకరత్నం పోయిన క్షణానికి ఆవిడ గురించిన సలోమి జ్ఞాపకం ఇద్దరి మధ్యా దారిలో ఉందట. చనిపోయిన మనిషిని బతికున్న మనిషిగా ఝాన్సీ అందుకుంది. అందుకే ముగింపు మీట ఎన్నిసార్లు నొక్కినా అది ముగియలేదు. చేతులు మారుతూ తిరుగుతోంది. మిగతావాటిలా పూర్తిగా వెళ్లిపోనూ పోదు. మారినప్పుడల్లా ఇచ్చినవాళ్లకు కొంత అంటుకుపోతోంది. అసలు మనిషి దగ్గరికి చేరితే మిగతావాళ్లకు అంటింది రాలిపోతుందట. కానీ చేరాక ఇక ఆ మనిషిని వదలదట, పట్టీ కట్టినా ఊడి రాదట. హైమవతి ఈ మాట చెప్పిన రోజే అందరూ కూడబలుక్కున్నారు. సలోమికి చేరనివ్వకూడదనుకున్నారు.

"మీరు ఈ మధ్యే కదా మేడమ్ కాస్త నవ్వుతున్నారు" అంది ఝాన్సీ.

సలోమి, నేనేం చేశానని అడిగింది. ఝాన్సీ తల అడ్డంగా ఊపింది.

"చేసింది మీరో నేనో తెలీట్లేదు మేడమ్. నా చేతులతోనే చేసినట్టుంటుంది. నిన్న మా అమ్మ ఫోన్ చేస్తే, నేనొకావిణ్ణి చంపేశానమ్మా అన్నాను. మా అమ్మ ఏడుస్తా బయల్దేరి వస్తోంది."

సలోమి లేచి పై అంతస్తుకు వెళ్లింది.

హైమవతి చెడ్డ మనిషేం కాదు. ఆవిడ తమ్ముడు ఇలాంటి అప్పగింతలో జరిగిన పొరపాటుకే పోయాడని, అందుకే ఈ పట్టీ పట్టుకుని కూర్చుందని అందరూ చెప్పుకుంటారు. సలోమిని చూడగానే విషయం గ్రహించింది. కుర్చీ చూపించి, ఆ జ్ఞాపకాన్ని ఎవరి దగ్గరా లేకుండా తుడిచెయ్యగలనని చెప్పింది. ఝాన్సీ, త్రినాథ్ హాయిగా నిద్రపోతారు. సలోమికి ఏమీ తెలియనే తెలియదు. ఎటు చూసినా అదే మంచిదంది.

"మరి ఆవిడ కూతురో?"

హైమవతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ అమ్మాయికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారంది. తాను ఇప్పటికే చెప్పానంది సలోమి. చెప్పిన మాట తలుచుకుంటే ఒళ్లంతా చీదరగా ఉందంది. అది తుడిచేస్తే నూకరత్నం చివరిసారి ఎలా ఉందో ఈ లోకంలో ఒక్కరికీ తెలియదు. ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని కూర్చుని ముసలిదైపోయినా జవాబు చెప్పేవాళ్లుండరు. హైమవతి ఆ మాట కాదనలేకపోయింది. తిరిగి తీసుకుంటే మటుకు జీవితాంతం మోయాలని, ఎప్పటికీ పాతబడదని, నిన్న జరిగినట్టే ఉంటుందని దాపరికం లేకుండా చెప్పింది.

ఇంట్లో చెబితే రత్నకుమార్ అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. తుడిచేయించుకోమన్నాడు. ఎవరు అడిగారట, ఎవరు పట్టుకున్నారట? విచారణ అయిపోయింది, తప్పు లేదన్నారు, ఇంక ఈ పిచ్చేంటని కేకలేశాడు. కెజియా లోపలి గదిలోంచి తొంగి చూసి తలుపేసుకుంది. సలోమి ట్రైనింగులో ఉన్నప్పుడు వాళ్ల ట్యూటరమ్మ రోజూ ఒక మాట అనేది. పేషెంటును చూసి కంగారు ఎవరికి పుట్టిందో, డాక్టర్ని పిలవాల్సింది వాళ్లేనని. అప్పట్లో అందరూ ఆ మాటను వెక్కిరించి నవ్వుకునేవాళ్లు. తన కంగారును ఇన్నాళ్లుగా పక్కవాళ్ల తలకు చుట్టి తాను చేపల పులుసు తిన్నానన్న సంగతి ఇప్పుడు సలోమికి మింగుడు పడటం లేదు. ఆ మాటే మొగుడితో అంది. ఆయన వెళ్లి గుమ్మంలో కూర్చుని, చివరికి లోపలికొచ్చి, "సరేలే. నువ్వు పక్కకు తిప్పితే తిరుగుతాను" అన్నాడు.

మర్నాడు అద్దాల గదిలో సలోమి, ఝాన్సీ ఎదురెదురుగా కూర్చున్నారు. పట్టీలు హైమవతే కట్టింది. వార్డులో డ్యూటీకి ఇద్దరిని నిలబెట్టింది. సలోమి కళ్లు మూసుకుంది.

ముందు వాసన వచ్చింది. తడి దూది, స్పిరిట్, నూకరత్నం జుట్టుకు రాసిన కొబ్బరినూనె. తర్వాత మొహం వచ్చింది. చామనఛాయ, ముక్కుకు రెండు వైపులా పుడకలు, మాస్కు కింద ఆవిరి. కిటికీ వెలుగు తగ్గుతోంది. నూకరత్నం గోళ్ల అంచులు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఒకటి వస్తోంది, ఒకటి తప్పుతోంది. సలోమి అది చూసింది. స్పష్టంగా చూసింది. డాక్టర్ని పిలవాలనుకుంది. అద్దాల గదిలో ఝాన్సీ అప్పటికే వచ్చి కూర్చుంది. ఇప్పుడు పిలిస్తే డాక్టరు వచ్చేదాకా ఉండాలి, తర్వాత మందులు, రాతకోతలు. పట్టీ కడితే ఈ కంగారంతా ఝాన్సీకి క్షణంలో తెలిసిపోతుంది, ఆమే పిలుస్తుంది. అలా అనుకుంది సలోమి. నిజంగా ఆ మాటల్లోనే అనుకుంది.

నూకరత్నం ఆమె మణికట్టు పట్టుకుంది. మాస్కు పక్కకు జరుపుకుని, "ఉండమ్మా" అంది.

ఇప్పుడే వస్తానని చెప్పింది సలోమి. చెప్పి, ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించింది. పేషెంటుకు నొప్పి పుట్టకుండా, అలవాటైన చేతులతో, చాలా మెత్తగా విడిపించింది. మంచం మీద చెయ్యి సరిగ్గా పెట్టి, దుప్పటి కప్పి, అద్దాల గదిలోకి నడిచింది.

ఖాళీ మంచం దగ్గరికి అందరినీ ఎవరు లాక్కెళుతున్నారో సలోమికి అప్పుడు అర్థమైంది. ఇప్పుడే వస్తానని మాటిచ్చింది తను. వెళ్లింది వాళ్లు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఝాన్సీ మొహం తేటగా ఉంది. "అదేంటి మేడమ్, ఎందుకు ఏడుస్తున్నారు?" అని కంగారుగా అడిగింది. నూకరత్నం ఎవరని సలోమి అడిగితే, కాస్త ఆలోచించి, ఆ మధ్య పోయినావిడ కదా అంది. ఆ గొంతులో మామూలు జాలి తప్ప ఏమీ లేదు. నెలలో ఎందరో పోతుంటారు.

సలోమి ముందు సూపరింటెండెంటు గదికి వెళ్లింది. చూసింది నేను, పిలవాల్సింది నేను, పిలవలేదు అని చెప్పింది, అదే రాసి సంతకం పెట్టింది. మళ్లీ విచారణ జరిగేదాకా ఆమెను డ్యూటీకి రావద్దన్నారు. పట్టీల వాడకం ఆపించారు. హైమవతి వాటిని తనే పైకి మోసుకుపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా ఉప్పాడ బస్సెక్కింది.

లోవకుమారి ఇల్లు సముద్రానికి దగ్గర. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకున్నట్టు లేదు. సలోమిని గుర్తుపట్టి లోవకుమారి పీట వేసింది. సలోమి కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. గోళ్ల సంగతి, ఊపిరి సంగతి, తాను ఏమనుకుందో ఆ సంగతి, పట్టుకున్న వేళ్లను విడిపించిన సంగతి, ఏదీ దాచలేదు. మొన్న చెప్పింది తెలియక చెప్పిన మాటని, అమ్మ నిద్రలో పోలేదని, పక్కన ఎవరూ లేరని చెప్పింది. డాక్టర్ని పిలిస్తే బతికేదా అని ఆ పిల్ల అడిగితే, తెలియదంది. బతికి ఉండేదేమో, తెలియదు. నన్ను క్షమించమని మాత్రం అడగలేదు. అలా అడిగితే ఆ పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టవుతుందని ఆమెకు తెలుసు.

లోవకుమారి మగ్గం వైపు చూసింది. లేచి వచ్చి సలోమి ఎదుట నిలబడింది.

"అమ్మ పట్టుకుంది ఏ చెయ్యండి?"

సలోమి కుడి చెయ్యి చాచింది. లోవకుమారి ఆ మణికట్టు చుట్టూ తన వేళ్లు బిగించింది. నేత పనితో గరుకెక్కిన వేళ్లు, తల్లి వేళ్లలాంటివే.

"ఎలా ఇడిపించారో సూపించండి."

ఆ పిల్ల అడిగింది న్యాయమే. సలోమి ఎడం చేత్తో ఒక వేలు విడిపించింది. ఇంకొకటి విడిపించింది. అదే మెత్తదనం, అదే అలవాటు. చివరి వేలు కూడా వచ్చేసింది. లోవకుమారి తన ఖాళీ చెయ్యి చూసుకుంది.

"ఇంత తేలిగ్గా వచ్చేసిందాండి?"

"లేదమ్మా" అంది సలోమి. "ఇంకా గట్టిగా పట్టుకుంది."

లోవకుమారి మళ్లీ పట్టుకుంది. "ఇంతాండి?"

"ఇంకా."